టెక్నాలజీ పత్రికకు వ్యాసం ఇవ్వాలంటే: ముందు ఒప్పించండి, తర్వాత రాయండి

కొత్తగా రాయబోయేవాళ్లు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. నెల రోజులు కూర్చుని వ్యాసం మొత్తం రాసేస్తారు, మెయిల్‌కు తగిలిస్తారు, "ప్రచురించ ప్రార్థన" అని పంపేస్తారు. కథకూ కవితకూ ఆ దారి చెల్లుతుంది. టెక్నాలజీ పత్రికల దగ్గర చాలావరకు చెల్లదు. అక్కడ ముందు ఆలోచనకు ఒప్పించాలి, రాత ఆ తర్వాతి సంగతి. అడగకుండా వచ్చిన 2,000 పదాలు చదివే తీరిక ఎడిటర్‌కు ఉండదు. చదివినా, అదే విషయం ఇప్పటికే వేరొకరికి అప్పజెప్పి ఉండొచ్చు. లేదా ఆ శీర్షికలో ఖాళీ 1,200 పదాలకే ఉండొచ్చు. మీరు రాసింది ఎంత బాగున్నా, దాన్ని సగానికి కోసి తమ పాఠకులకు సరిపోయేలా తిరగరాయడం కంటే వద్దనడమే ఎడిటర్‌కు తేలిక.

మినహాయింపులు లేకపోలేదు. హ్యాకర్ల పత్రిక 2600 లాంటి, పాఠకులే రచయితలైన పత్రికలు పూర్తి వ్యాసమే పంపమంటాయి. మీరు ఎంచుకున్న పత్రిక సూచనల్లో అలా ఉంటే అలాగే చేయండి. లేకపోతే ఈ క్రమంలో వెళ్లండి.

ఏ పత్రిక, అందులో ఏ పేజీ

టెక్నాలజీ పత్రికలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. లినక్స్ మ్యాగజీన్, ఎలెక్టర్, మేక్ లాంటివి చేసి చూపించే వ్యాసాలు కోరతాయి. వాటి పాఠకుడు పక్కన కంప్యూటరో సోల్డరింగ్ ఐరనో పెట్టుకుని చదువుతాడు. వైర్డ్, ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ లాంటివాటికి కావలసింది రిపోర్టింగ్: మనుషులతో మాట్లాడి, పత్రాలు తవ్వి, ఒక పరిణామాన్ని విప్పి చెప్పడం. స్మాషింగ్ మ్యాగజీన్ వెబ్ డిజైనర్లకూ డెవలపర్లకూ ఉద్దేశించినది. ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ తెచ్చే స్పెక్ట్రమ్ 1964 నుంచి వస్తోంది. చదివేది ఇంజినీర్లే అయినా అది పత్రికే, పరిశోధన జర్నల్ కాదు. తోటి నిపుణుల వడపోత దాటి పరిశోధన పత్రాలు అచ్చయ్యేది ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ పేరుతో వచ్చే జర్నళ్లలో. ఈ తేడా చూసుకోకుండా కాన్ఫరెన్స్ పేపర్‌ను స్పెక్ట్రమ్‌కు పంపితే మొదటి పేరా దగ్గరే ఆగిపోతుంది.

ఆ పత్రిక ఇంకా నడుస్తోందో లేదో కూడా చూడండి. బైట్ అచ్చు 1998లో ఆగింది. పీసీ మ్యాగజీన్ అచ్చు సంచికలు 2009 జనవరితో, డాక్టర్ డాబ్స్ 2014తో, లినక్స్ జర్నల్ సంచికలు 2019తో ముగిశాయి. పత్రిక మూతపడినా 'రచయితలకు సూచనలు' పేజీ మాత్రం ఏళ్ల తరబడి నెట్‌లో అలాగే పడి ఉంటుంది. తాజా సంచిక తేదీ చూడకుండా మెయిల్ పంపితే గోడకు చెప్పుకున్నట్టే.

పత్రిక ఖాయమయ్యాక, గత 12 సంచికల విషయసూచికలు ముందు పెట్టుకోండి. మొదటి పేజీల్లో సిబ్బంది పేర్లు ఉంటాయి. వాటిని వ్యాసాల కింద ఉన్న పేర్లతో పోల్చి చూడండి. సిబ్బందిలో లేని పేరు ఏ శీర్షికలో కనిపిస్తే ఆ తలుపు బయటివాళ్లకు తెరిచి ఉన్నట్టు. వార్తలు, పలు ఉత్పత్తుల పోలికలు, నెలనెలా వచ్చే కాలమ్‌లు సాధారణంగా లోపలివాళ్లవే. ట్యుటోరియళ్లు, ప్రాజెక్టులు, ఒక్కోసారి ఫీచర్లు బయటివాళ్లకు దక్కుతాయి. మీరు గురిపెట్టిన శీర్షికలో మూడు వ్యాసాలు తీసుకుని పదాలు లెక్కపెట్టండి. బొమ్మలెన్ని, కోడ్ ముక్కలెన్ని, పక్కన పెట్టెకట్టి ఇచ్చిన అంశాలు ఉన్నాయా అని రాసుకోండి. పాఠకుడికి ఏం తెలుసని ఆ పత్రిక అనుకుంటోందో పట్టుకోవడం ముఖ్యం. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) ఎలా తెరవాలో చెబుతున్నారా, లేక నేరుగా ఆదేశంతోనే మొదలుపెడుతున్నారా? ఒక్క ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మీ వ్యాసం స్థాయి తేలిపోతుంది.

నెలల లెక్క

అచ్చు పత్రికలు మూడు నాలుగు నెలలు ముందు నడుస్తాయి. అక్టోబరు సంచికలో కనబడాలంటే జూన్‌కల్లా మీ ప్రతిపాదన ఎడిటర్ ముందు ఉండాలి. వెబ్‌లోనే వచ్చే పత్రికలకు ఇంత దూరం అక్కర్లేదు గానీ, అక్కడా వరుసలో వేచి ఉండటం తప్పదు.

కాబట్టి తేదీ ముందే తెలిసిన విషయాలు ఎంచుకోవడం లాభం. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌నే తీసుకోండి. కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది. మే నెలలో మొదటి బీటా, అంటే పరీక్ష కోసం విడుదలచేసే రూపం, వచ్చేసరికి అందులో ఏ సౌకర్యాలుంటాయో ఖరారైపోతుంది. అంటే మే చివర్లో ప్రతిపాదన పంపి, బీటా మీద వ్యాసం రాసి, రిలీజ్ క్యాండిడేట్ (దాదాపు తుది రూపం) వచ్చాక కోడ్ మొత్తం ఇంకోసారి నడిపి చూసుకోవచ్చు. ఉబుంటు దీర్ఘకాల మద్దతు వెర్షన్ సరి సంవత్సరాల ఏప్రిల్‌లో వస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆగిపోయే తేదీలు కూడా ఇలాంటివే. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మద్దతు ముగుస్తుందని రెండేళ్ల ముందే అందరికీ తెలుసు. 'నిన్న విడుదలైంది, దీని మీద రాస్తాను' అని అచ్చు పత్రికకు చెబితే లాభం లేదు. ఆ వ్యాసం బయటికొచ్చేసరికి అది పాత కబురు.

ప్రతిపాదన రాయడం

దీన్నే పిచ్ అంటారు. 200 నుంచి 300 పదాలు, మెయిల్‌లోనే రాయాలి, అటాచ్‌మెంట్‌గా వద్దు. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

ముందు, పనికిరాని పిచ్ ఎలా ఉంటుందో చూడండి:

"బ్యాకప్ ప్రాముఖ్యత గురించి ఒక వ్యాసం రాయాలనుకుంటున్నాను. ఆసక్తి ఉంటే ఎన్ని పదాలు కావాలో తెలియజేయగలరు."

ఇది విషయం మాత్రమే, వ్యాసం కాదు. బ్యాకప్ ముఖ్యమని పాఠకుడికీ తెలుసు, ఎడిటర్‌కూ తెలుసు. చదివినవాడు చివరికి ఏం చేయగలుగుతాడో ఇందులో లేదు. పదాల సంఖ్య అడిగారంటే పత్రిక తిరగేయలేదని మీరే చెప్పుకున్నట్టు.

అదే రంగంలో పనికొచ్చే పిచ్ ఇది. ఇందులో రెస్టిక్ అన్నది ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్, రిపాజిటరీ అంటే అది బ్యాకప్‌లు దాచే చోటు, చెక్‌సమ్ అంటే ఫైలు మారిందో లేదో పట్టించే సంఖ్య:

"ప్రతిపాదన, ట్యుటోరియల్: మీ రెస్టిక్ బ్యాకప్ నిజంగా తిరిగి వస్తుందా? (1,800 పదాలు)

బ్యాకప్ రోజూ తీసేవాళ్లు కూడా దాన్ని వెనక్కి తెచ్చి చూసుకోవడం అరుదు. రెస్టిక్ వాడేవాళ్లు చెక్ ఆదేశం తప్పులేమీ చూపకపోతే ఫైళ్లు భద్రమే అనుకుంటారు. కానీ మామూలుగా ఆ ఆదేశం రిపాజిటరీ నిర్మాణం సరిగ్గా ఉందా అని చూస్తుందే తప్ప, నిల్వచేసిన డేటా మొత్తాన్ని చదవదు. డిస్కులో ఒక భాగం పాడైతే ఆ సంగతి ఫైలు అవసరపడిన రోజునే బయటపడుతుంది.

ఈ వ్యాసంతో పాఠకుడు మూడు పనులు చేస్తాడు. చెక్ నడిపిన ప్రతిసారీ డేటాలో 5 శాతం చదివించడం. ఏవో 20 ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి వెనక్కి తెచ్చి, బ్యాకప్ సమయంలో రాసిపెట్టుకున్న చెక్‌సమ్‌లతో పోల్చడం. తేడా కనిపిస్తే మెయిల్ వచ్చేలా నెలవారీ టైమర్ పెట్టడం. చివరికి పాఠకుడి చేతిలో 60 వరుసల షెల్ స్క్రిప్టు ఉంటుంది.

మీ మార్చి సంచికలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల పోలిక వచ్చింది. ఏది వాడాలో అది చెప్పింది, వాడుతున్నదాన్ని ఎలా నమ్మాలో ఇది చెబుతుంది. స్క్రిప్టు సిద్ధంగా ఉంది. బొమ్మలు 3, కోడ్ లిస్టింగులు 2. మీరు సరేనన్న మూడు వారాల్లో డ్రాఫ్ట్ ఇస్తాను. లినక్స్ సర్వర్ల నిర్వహణ నా ఉద్యోగం. గతంలో రాసిన రెండింటి లింకులు కింద ఇచ్చాను."

ఈ రెంటికీ ఉన్న తేడా భాషలో లేదు, వివరంలో ఉంది. మొదటి పేరాలో పాఠకుడికి తెలియని ఒక నిజం ఉంది: చెక్ ఆదేశం డేటా మొత్తాన్ని చదవదన్నది. ఎడిటర్‌ను పట్టి ఆపేది అదే. చెక్‌సమ్‌లు ఎప్పటివో చెప్పిన చిన్న వివరం, రాసేవాడు ఈ పని చేసి చూశాడని రుజువు చేస్తుంది. ఇప్పుడున్న ఫైలుతో పోలిస్తే, బ్యాకప్ తర్వాత ఫైలు మారిన ప్రతిసారీ దొంగ హెచ్చరిక వస్తుంది. చేసి చూడనివాడికి ఆ ఇబ్బంది తట్టదు.

మీ గురించి రెండు వాక్యాలు చాలు. బయోడేటా జతచేయకండి. ఇంతవరకు ఎక్కడా అచ్చుకాకపోతే ఆ మాట ఎత్తనవసరం లేదు. ఒక ప్రాజెక్టుకు మీరు రాసిన డాక్యుమెంటేషనో, మీ బ్లాగులో ఒక మంచి వ్యాసమో నమూనాగా ఇవ్వండి. కాకపోతే ప్రతిపాదించే వ్యాసాన్ని మాత్రం ముందే బ్లాగులో పెట్టకండి. చాలా పత్రికల లెక్కలో బ్లాగులో వచ్చినా ప్రచురించినట్టే.

పత్రికకు ప్రతిపాదనల కోసమే మెయిల్ చిరునామా ఉంటే దానికే పంపండి. లేకపోతే ఆ శీర్షిక చూసే ఎడిటర్ పేరు సిబ్బంది జాబితాలో వెతికి, పేరుతో సంబోధించండి. ఒక మెయిల్‌లో ఒకే ఆలోచన, మహా అయితే రెండు. పది శీర్షికల జాబితా పంపితే ఎంచుకునే బరువు ఎడిటర్ మీద పడుతుంది, ఆ మెయిల్ 'తర్వాత చూద్దాం'లోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

జవాబు రాకపోతే

రెండు మూడు వారాలు ఆగండి. పత్రిక తన సూచనల్లో వేరే గడువు చెప్పి ఉంటే అదే లెక్క. తర్వాత అదే మెయిల్‌కు జవాబుగా రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. ఇంకో వారం, పది రోజులు చూసి, 'దీన్ని ఇక వేరేచోటికి పంపుతున్నాను' అని మర్యాదగా ఒక ముక్క రాసి పంపేయండి. ఆ చివరి మెయిల్‌కే ఒక్కోసారి జవాబొస్తుంది.

ఒకే ఆలోచనను ఒకేసారి రెండు పత్రికలకు పంపొచ్చా? పంపకపోవడమే మేలు. ఇద్దరూ సరేనంటే ఒకరికి కాదని చెప్పాలి, ఆ ఎడిటర్ మీ పేరు మరచిపోరు. మరీ తొందరపడాల్సిన విషయమైతే, ఇతరులకూ పంపుతున్నానని మెయిల్‌లోనే చెప్పేయండి.

వద్దన్న మెయిల్‌లో కారణం ఉంటే అది విలువైనది. 'మాకు ఇది మరీ ప్రాథమికం' అంటే స్థాయి తప్పింది, 'ఈ మధ్యే వేశాం' అంటే పాత సంచికలు సరిగ్గా చూడలేదు, 'ఇప్పుడు కుదరదు' అంటే వచ్చే త్రైమాసికంలో ఇంకో ఆలోచనతో రమ్మని. వాదనకు దిగకండి.

సరేనన్నాక, రాయక ముందు

సంతోషంలో చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. ఈ విషయాలు మెయిల్‌లో రాతపూర్వకంగా ఉండాలి: ఎన్ని పదాలు, ఏ తేదీకి, ఎంత పారితోషికం, అది ఏ కరెన్సీలో, ఎప్పుడు, ఏ హక్కులకు బదులుగా. ఎడిటర్ రాయకపోతే మీరే ఒక పేరాలో క్రోడీకరించి 'ఇదేనా మన ఒప్పందం?' అని పంపండి.

'ఎప్పుడు' అన్నది చిన్న విషయం కాదు. వ్యాసం ఆమోదించాక చెల్లిస్తారా, అచ్చయ్యాక చెల్లిస్తారా? రెండోదైతే జూన్‌లో ఇచ్చిన వ్యాసానికి అక్టోబరు సంచిక వచ్చాక, ఇన్‌వాయిస్ మీద ఇంకో 30 నుంచి 60 రోజులకు డబ్బు చేతికందుతుంది. అంటే నవంబరు లేదా డిసెంబరు. పైగా ఆ వ్యాసం వాయిదా పడుతూ పోతే డబ్బూ వాయిదా పడుతూనే ఉంటుంది. ఆమోదించాక చెల్లింపు అడగండి. ఒప్పుకోకపోతే కనీసం 'ఆమోదించిన ఆరు నెలల్లో అచ్చుకాకున్నా చెల్లించాలి' అనే వాక్యం అడగండి.

రద్దు రుసుము ఉందో లేదో చూడండి. పని అప్పజెప్పి, మీ తప్పు లేకుండా వ్యాసం వేసుకోకపోతే ఇచ్చే భాగం ఇది. ఒప్పుకున్న మొత్తంలో నాలుగో వంతు దగ్గర ఉండటం మామూలు, కొన్నిచోట్ల సగం దాకా ఉంటుంది. రుసుముతో పాటు వ్యాసాన్ని ఇంకెక్కడైనా ఇచ్చుకునే హక్కు మీకు తిరిగి రావాలి. ఆ మాట ఒప్పందంలో కనబడాలి.

హక్కుల్లో మీకు అనుకూలమైనది మొదటి ప్రచురణ హక్కు మాత్రమే ఇవ్వడం. పత్రిక తొలిసారి వేసుకుంటుంది, కొన్ని నెలలు మీరు ఇంకెక్కడా వేయరు, ఆ తర్వాత అది మీదే. సర్వహక్కులూ రాసిస్తే మీ వ్యాసాన్ని మీ బ్లాగులో పెట్టుకోవడానికీ, తర్వాత పుస్తకంలో చేర్చుకోవడానికీ వాళ్లను అడగాలి. పారితోషికం బాగుంటే అదీ తప్పేం కాదు, తెలిసి సంతకం పెట్టండి. కోడ్ విషయం విడిగా తేల్చుకోండి. స్క్రిప్టును ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద బహిరంగంగా ఉంచాలనుకుంటే, కోడ్ హక్కులు రచయితవే అని ఒక వరుస ఉండాలి. లేకపోతే మీరు రోజూ వాడుకునే స్క్రిప్టే మీది కాకుండా పోతుంది.

నష్టపరిహార షరతు ఒకటి ఉంటుంది: వ్యాసం వల్ల దావా పడితే ఖర్చులు రచయితవి అని. దాన్ని 'రచయిత తెలిసి చేసిన ఉల్లంఘనకు' అని పరిమితం చేయమని అడగొచ్చు. అడిగితే చాలా పత్రికలు మారుస్తాయి.

ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఈ దశలోనే తమ కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. బయట రాయడానికీ, అక్కడి అనుభవం వాడుకోవడానికీ రెండింటికీ. మీరు రాసే ఉత్పత్తితో మీకు ఏ సంబంధమున్నా, అంటే జీతం, వాటాలు, ఉచితంగా వచ్చిన పరికరం, ఏదైనా సరే, ఎడిటర్‌కు ముందే చెప్పండి. ముందే చెబితే వ్యాసం కింద ఒక వరుసతో పోతుంది. అచ్చయ్యాక ఎవరో బయటపెడితే ఆ పత్రికలో మీ కథ ముగిసినట్టే.

రచయిత దగ్గరే డబ్బు అడిగే 'పత్రికలు' కూడా ఉన్నాయి. పరిశోధన జర్నళ్లలో ప్రచురణ రుసుము పద్ధతి వేరు. పత్రిక వ్యాసానికి డబ్బు రావాలి గానీ పోకూడదు.

డ్రాఫ్ట్

ముందు పని, తర్వాత రాత. ఏమీ ఇన్‌స్టాల్ చేయని కొత్త వర్చువల్ మెషీన్ (మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) ఒకటి తెరిచి, మీరు చెప్పబోయే ప్రతి అడుగూ అందులో మొదటినుంచి చేయండి. మీ సొంత కంప్యూటర్లో ఎప్పుడో పెట్టిన లైబ్రరీ, ఎప్పుడో మార్చిన సెట్టింగ్, మరచిపోయిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటాయి. పాఠకుడి దగ్గర అవేవీ ఉండవు. 'మూడో అడుగు దగ్గర ఆగిపోయింది' అని వచ్చే ఉత్తరాలకు అసలు కారణం ఎక్కువసార్లు ఇదే. ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్, లైబ్రరీల వెర్షన్ సంఖ్యలు అక్కడే రాసుకుని వ్యాసం మొదట్లో ఇవ్వండి.

మొదటి పేరాలో సమస్య, రెండో పేరాలో చివరికి చేతికొచ్చేది. రంగం చరిత్రతో మొదలుపెట్టకండి. 'నేటి డిజిటల్ యుగంలో' అని మొదలయ్యే పేరాను ఎడిటర్ చూడకుండానే కొట్టేస్తారు. ప్రతి అడుగు తర్వాత తెరమీద ఏం కనబడాలో చెప్పండి, కనబడకపోతే ఎక్కడ వెతకాలో కూడా. ఇచ్చిన పదాలకు 5 నుంచి 10 శాతం మించకండి. అచ్చు పేజీ సాగదు. మీరు ఎక్కువ రాస్తే ఎక్కడ కోయాలో మీకు తెలియకుండానే తేలిపోతుంది.

కోడ్‌ను పాడుచేసేది ఎక్కువగా వర్డ్ ప్రాసెసరే. నిలువు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మారుస్తుంది. రెండు హైఫన్‌లను కలిపి ఒక పొడవాటి గీత చేస్తుంది. వరుస మొదట్లో చిన్న అక్షరాన్ని పెద్దది చేస్తుంది. చూడటానికి అన్నీ అందంగానే ఉంటాయి, టెర్మినల్‌లో అతికిస్తే ఒక్క ఆదేశమూ నడవదు. ఈ ఆటో కరెక్షన్లు ఆపేసి మొదలుపెట్టండి. పంపేముందు డాక్యుమెంట్‌లో నుంచే ప్రతి కోడ్ ముక్కనూ కాపీ చేసి వర్చువల్ మెషీన్‌లో నడపండి. పొడవైన లిస్టింగులను విడి ఫైళ్లుగా కూడా ఇవ్వండి.

అచ్చు కాలమ్‌లో కోడ్ వరుసకు 50, 60 అక్షరాలే పడతాయి. మీరు విరగ్గొట్టకపోతే డిజైనర్ విరగ్గొడతారు, వాళ్లకు పైథాన్‌లో ఖాళీల విలువ తెలియకపోవచ్చు. షెల్ ఆదేశాన్ని వెనకవాలు గీతతో (\) విరిచేటప్పుడు ఆ గీత తర్వాత ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు. ఉంటే కింది వరుస పై వరుసకు అతకదు, పైగా ఆ ఖాళీ కంటికి కనబడదు.

ఐపీ చిరునామాలు, డొమైన్ పేర్లు ఉదాహరణకు కావాలంటే అందుకోసమే కేటాయించినవి ఉన్నాయి: 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24, ఇంకా ఎగ్జాంపుల్ డాట్ కామ్. నోటికొచ్చిన చిరునామా రాస్తే అది ఎవరిదో అయి ఉంటుంది.

కృత్రిమ మేధ పరికరాల విషయంలో పత్రిక నిబంధన ఏమిటో ముందే చదవండి. చాలాచోట్ల వాడితే చెప్పాలి, కొన్నిచోట్ల వాక్యాలు వాటితో రాయించడం కుదరదు. నిబంధనలు ఎలా ఉన్నా, ఆ పరికరాలు అసలు లేని ఐచ్ఛికాలనూ ఫంక్షన్లనూ ఉన్నట్టే రాసిపెడతాయి. నడిపి చూడని వరుస ఒక్కటి కూడా వ్యాసంలో ఉండకూడదు.

భద్రతా లోపం గురించి రాస్తున్నట్టయితే తయారీదారుకు ముందు తెలియజేసి, సవరణకు గడువు ఇచ్చారని ఎడిటర్ ధ్రువపరచుకుంటారు. గూగుల్ భద్రతా పరిశోధన బృందం ప్రాజెక్ట్ జీరో పాటించే 90 రోజుల గడువు ఈ రంగంలో అందరూ ఎరిగిన కొలత. దాన్ని మీ డెడ్‌లైన్ లెక్కలో కలుపుకోండి.

బొమ్మలు

ఇక్కడ లెక్క చేయకపోతే దెబ్బ తప్పదు. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న పూర్తి తెర, ఆ లెక్కన 6.4 అంగుళాలు వస్తుంది. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ దాన్ని 8 సెంటీమీటర్ల కాలమ్‌లో కుదిస్తే, తెరమీద 16 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం కాగితం మీద 0.67 మిల్లీమీటర్లవుతుంది. భూతద్దం కావాలి. కాబట్టి విండోను 950 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, అక్షరాల సైజు పెంచి, అప్పుడు స్క్రీన్‌షాట్ తీయండి. 8 సెంటీమీటర్లకు 300 చొప్పున కావలసింది దాదాపు 945 పిక్సెళ్లే. తీసేశాక సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేస్తే మసకే పెరుగుతుంది. ఫైలులో 72 అని ఉన్న సంఖ్యను 300 అని మార్చినంత మాత్రాన పిక్సెళ్లు పుట్టవు.

పీఎన్‌జీ ఫార్మాట్‌లో ఇవ్వండి. జేపెగ్‌లో అక్షరాల చుట్టూ మరకలొస్తాయి. ఫొటోలకైతే జేపెగ్ పర్వాలేదు. నల్లటి నేపథ్యం అచ్చులో సిరా పీల్చి సన్నని అక్షరాలను మింగేస్తుంది, తెల్ల నేపథ్యం పెట్టుకోండి. బొమ్మలను డాక్యుమెంట్‌లో అతికించి పంపకండి, మెసేజింగ్ యాప్‌లో అసలే వద్దు, రెండుచోట్లా నాణ్యత పోతుంది. విడి ఫైళ్లుగా, వరుస సంఖ్యలతో పేర్లు పెట్టి, ప్రతి బొమ్మ ఎక్కడ రావాలో వ్యాసంలో గుర్తు పెట్టి, చివర్లో వ్యాఖ్యలన్నీ ఒకచోట ఇవ్వండి. పంపేముందు ప్రతి బొమ్మ మూలమూలా చూడండి: తెరిచి ఉన్న ట్యాబ్‌ల పేర్లు, టెర్మినల్‌లో మీ యూజర్ పేరు, ఏపీఐ కీ (ఆన్‌లైన్ సేవను ప్రోగ్రాంతో వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం). కీ కనబడితే మసక పూయడం చాలదు, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

ఎడిటింగ్, ప్రూఫు

డ్రాఫ్ట్ ఎర్ర గీతలతో తిరిగొస్తుంది. మార్పులను మూడు రకాలుగా చూడండి. భాషకు సంబంధించినవి ఒప్పుకోండి, పత్రిక శైలి వాళ్లది. స్పష్టత కోసం అడిగిన ప్రశ్నలకు మార్జిన్‌లో జవాబివ్వడం కాదు, వాక్యాన్నే మార్చండి. ఎడిటర్‌కు వచ్చిన సందేహం పాఠకుడికీ వస్తుంది. సాంకేతికంగా అర్థం మార్చేసిన చోట మాత్రం పట్టుబట్టండి, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి, వీలైతే ప్రత్యామ్నాయ వాక్యం కూడా ఇవ్వండి.

ప్రూఫు పీడీఎఫ్‌గా వస్తుంది. చూసి పంపడానికి ఒకటి రెండు రోజులే ఇస్తారు. ఇప్పుడు పేరాలు తిరగరాయకూడదు. చూడాల్సినవి: కోడ్ వరుసలు విరిగిన చోట్లు, హైఫన్‌లు, కొటేషన్ గుర్తులు, బొమ్మకూ వ్యాఖ్యకూ పొత్తు, మీ పేరు అక్షరక్రమం, అన్నిటికంటే ముందు డెస్క్ పెట్టిన శీర్షిక. వ్యాసం 'తగ్గించవచ్చు' అన్నచోట శీర్షిక 'పూర్తిగా అరికట్టండి' అంటుంది. చెప్పకపోతే పాఠకులు నిలదీసేది మిమ్మల్నే.

డబ్బు, ఆ తర్వాత

ఇన్‌వాయిస్ మీరు పంపితేనే ఎక్కువ పత్రికల్లో ఫైలు కదులుతుంది. అందులో ఇన్‌వాయిస్ సంఖ్య, తేదీ, వ్యాసం శీర్షిక, సంచిక నెల, అప్పజెప్పిన ఎడిటర్ పేరు, ఒప్పుకున్న మొత్తం, చెల్లింపు గడువు, బ్యాంకు వివరాలు ఉండాలి. వేరే దేశం నుంచి డబ్బు రావాలంటే స్విఫ్ట్ కోడ్ కావాలి, బదిలీ ఛార్జీలు ఎవరివో ముందే తేల్చుకోండి. అమెరికా పత్రికలు బయటి దేశాల రచయితలను డబ్ల్యూ-8బెన్ పన్ను ఫారం అడగడం మామూలే. అది అందేదాకా చెల్లింపు ఆగుతుంది కాబట్టి ఒప్పందం నాడే పంపేయండి. గడువు దాటితే మొదట గుర్తుచేయాల్సింది ఎడిటర్‌కు కాదు, అకౌంట్స్ విభాగానికి. ఎడిటర్‌కు ప్రతి మాత్రం పెట్టండి.

అచ్చయ్యాక తప్పు కనబడితే వెంటనే సవరణ పంపండి. కోడ్ రిపాజిటరీలో అచ్చయిన రూపాన్ని ఒక ట్యాగ్‌గా (పేరుపెట్టి గుర్తించిన రూపంగా) ఉంచేసి, తర్వాతి మార్పులు విడిగా చేయండి. పాత సంచిక చేతిలో పట్టుకుని వచ్చిన పాఠకుడికి అందులో ఉన్న కోడే దొరకాలి. పీడీఎఫ్ ప్రతి దాచుకోండి, పత్రికల సైట్లు ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. మళ్లీ ప్రచురించుకునే గడువు ఏ తేదీకి తీరుతుందో క్యాలెండర్‌లో వేసుకోండి.

రెండో ప్రతిపాదనకు సంచిక వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రూఫు తిరిగి పంపిన వారంలోనే, అదే ఎడిటర్‌కు పంపండి. మీరు గడువుకు ఇస్తారనీ, మీ కోడ్ నడుస్తుందనీ వాళ్లకు అప్పుడు తాజాగా గుర్తుంటుంది. ఈసారి పరిచయ వాక్యాలు తీసేయొచ్చు, 150 పదాలు చాలు.